నాయన సైకిలు, నా చెయ్యి



పోయిన పొంగలికి నేను సైకిలు మీద నుంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకొన్న సంగతి గ్రూపులో శానామంది అడిగినారు. ఒకరు లారీ గుద్దిందని రాసినారు. ఇంకొకరు, పేరు చెప్పను, పండగ పూట కొంచెం పుచ్చుకొని ఉంటాడని రాసి మరుసటి దినం తీసేసినారు. నేను చూసేసినాను లెండి. పిండికట్టు విప్పి మూడు వారాలయింది. ఇప్పుడు రెండు చేతులా టైపు కొట్టగలను కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను. ఎప్పటి మాదిరే పొడుగ్గానే ఉంటుంది. నేను చదివింది అరవ బళ్లో, తెలుగు అక్షరాలు నేర్చుకొన్నది రిటైరయినాక. తప్పులుంటే దిద్దండి, నవ్వొద్దండి.

గుద్దింది లారీ కాదు. నేను పందెంలో పడినాను. సైకిలు పందెం. రోడ్డు మీద కూడ కాదు, కొండ కింద మెట్ట చేన్ల నడుమ మట్టి బాటలో. 67 ఏండ్ల మనిషికి ఇది ఎందుకు అని మీరు అడిగేలోపల ఇంట్లో ఆవిడ అడిగేసింది, ఇంకా అడుగుతానే ఉంది.

సైకిలు సంగతి ముందు చెప్పాలి. 1964లో నాయన తేనిలో కొన్న హెర్క్యులస్ అది. నల్లది, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకు. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాండ్లు చేసిన బండి. ఆ కంపెనీ 1949లో పెట్టినారు, అంతకు ముందు హెర్క్యులస్ అంటే ఇంగ్లాండు నుంచి ఓడలో దిగాల్సిందే. నాకప్పుడు ఏడేండ్లు. సైకిలు ఇంటికొచ్చిన దినం అమ్మ దిష్టి తీసింది. ఫోర్కుకి పంచాయతీ లైసెన్సు బిళ్ళ కట్టించినాడు నాయన. ఆ బిళ్ళ ఇప్పటికీ ఉంది, అంకెలు మాత్రం అరిగిపోయినాయి.

చిన్నమనూరు ఆకుతోటల సంగతి మీకు చెప్పక్కరలేదు. మాది ఊరికి దూరంగా ఉండే తోట. తెల్లారక ముందే తమలపాకు కోసి, కట్టలు కట్టి, అరటి పట్టల్లో చుట్టి, తడి గోనె కప్పి, క్యారియరు మీద యాభై అరవై కిలోలు పెట్టుకొని ఊర్లోకి రావాలి. దారి అంటే దారి కాదు, కణ్మాయి గట్టు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలం. గట్టు దిగేచోట రాళ్లు. వానకాలంలో రిమ్ము తడిస్తే రాడ్ బ్రేకు పట్టదు, రబ్బరు కట్ట రిమ్ము మీద జారిపోతుంది. అప్పుడు నాయన కుడి కాలు ఎత్తి చెప్పును ముందు టైరు మీద ఆనించి దిగేవాడు. నాయన చెప్పులు నడిచి అరిగినవి కావు, టైరుకు అరిగినవి.

నాయన నడుము పట్టేసినాక ఆ సైకిలు మా అన్న చేతికి వచ్చింది. అన్న నాకంటే ఆరేండ్లు పెద్ద. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆకు కట్టలు ఎత్తినాడు. నేను బడి మానలేదు. ఈ మాట ఒక్కసారే రాస్తాను: నేను ఎస్సెస్సెల్సీ పాసయింది, పరీక్ష రాసి రైల్వేలో గుమాస్తాగా చేరింది, ఆ క్యారియరు మీది బరువుతో. తొక్కింది అన్న.

1994లో నాయన పోయినాడు. పాత ఇల్లు అన్న భాగానికి వచ్చింది, సైకిలు ఆ ఇంటి కొట్టులోనే ఉండిపోయింది. ఏటా ఆయుధ పూజకు అన్న దాన్ని తుడిచి, విభూతి, గంధం పెట్టి, చామంతి దండ వేసి, కర్పూరం ఇచ్చి మళ్లీ గోనె కప్పేవాడు. తొక్కడు. ఎవర్నీ తొక్కనీడు.

ఇప్పుడు మనవడి సంగతి. కోయంబత్తూరులో పదో తరగతి చదువుతున్నాడు. వానికి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం అరవంలో వస్తుంది. పోయిన ఏడు ఎండాకాలం సెలవులకు వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించినాడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ అని ఒక చిన్న ఊరు. 1970లలో ఆ ఊరి పిల్లకాయలు పాత ష్విన్ సైకిళ్లు, వాండ్ల నాయనల కాలం నాటివి, రెండో యుద్ధానికి ముందువి, చిల్లర డబ్బులకు కొని, మడ్గార్డు, చైన్ కవరు, దీపం, అన్నీ పీకేసి, లావు టైర్లు వేసి కొండ మీద నుంచి మట్టి దారిలో దిగినారు. ఆ బండికి వాండ్లు పెట్టుకొన్న పేరు క్లంకర్. మన మాటలో డొక్కు సైకిలు, అంతే.

1976 అక్టోబరు 21న మొదటిసారి గడియారం పెట్టి పందెం కట్టినారు. రెండు మైళ్ల దారి, 1,300 అడుగుల దిగుడు. పందెం పెట్టినవాడు చార్లీ కెల్లీ, ఆ దినం గెలిచినవాడు ఆలన్ బాండ్స్. తర్వాత గేరీ ఫిషర్ అనేవాడు 4 నిమిషాల 22 సెకన్లలో దిగినాడు, దాన్ని ఎవరూ దాటలేదు. జో బ్రీజ్ అనేవాడు రెండు సెకన్లు వెనక. ఈ రోజు అంగట్లో ఎంటీబీ అని అమ్మే సైకిళ్లన్నీ ఆ డొక్కు బండ్ల పిల్లలే.

ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఎందుకంటే, ఆ సైకిళ్లకు చేతి బ్రేకు లేదు. పెడలు వెనక్కి తొక్కితే వెనక హబ్బు లోపల ఉండే బూట్లు విచ్చుకొని హబ్బు గోడకు ఒత్తుకొంటాయి, అదే బ్రేకు. కోస్టర్ బ్రేకు అంటారు. అంత దిగుడులో అది కాలి కాలి లోపలి గ్రీజు పొగై పోతుంది. కిందికి వచ్చినాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. ఆ కూరడమే రీప్యాక్. నాకు ఇది విన్నంతనే రైలు వాసన వచ్చింది. ఘాటు దిగి వచ్చిన గూడ్సు బండి బ్రేకు దిమ్మల పక్కన నిలబడినవాండ్లకు ఆ వాసన తెలుసు.

పందెం ఎట్ల నడిపినారో చూస్తే ఇంకా నవ్వొచ్చింది. అందరినీ ఒకేసారి వదలరు. ఒకణ్ణి వదిలి, రెండు నిమిషాలు ఆగి ఇంకొకణ్ణి. ఒక సెక్షన్లో ఒకే బండి! ముందరి బండి దాటితే గాని లైన్ క్లియర్ ఇవ్వము కదా, అట్ల. నేను బోడి లైనులో మీటరుగేజీ కాలం చూసినవాణ్ణి. 2010 డిసెంబరు 31న ఆ లైను మూసినారు, బ్రాడ్‌గేజీ రైలు మళ్లీ బోడికి వచ్చింది 2023 జూన్ 15న. ఆ పన్నెండున్నర ఏండ్ల నడుమే నేను వేరే చోట్ల తిరిగి రిటైరైపోయినాను. సరే, ఆ కత ఇంకో దినం.

మనవడు అడిగినాడు, "తాతా, మీరు ఇట్ల తొక్కలేదా?" అని. నాకు నాయన, గట్టు, టైరు మీద చెప్పు కాలు గుర్తొచ్చింది. "మీ ముత్తాత దినమూ తొక్కినాడురా, అరవై కిలోల బరువుతో" అన్నాను. "ఎన్ని నిమిషాలు?" అన్నాడు. కొండ మాకూ ఉండింది, డొక్కు సైకిలూ ఉండింది. గడియారం పెట్టి చూసే ఖాళీ ఎవరికి ఉండింది? ఆ మాట వానికి చెప్పలేదు, మీకు చెప్తున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాయన బండిని క్లంకర్ చేయాలి, మనవడూ నేనూ కలిసి చేయాలి అని మనసులో పడిపోయింది.

ఇక్కడే నేను చేసిన తప్పు. అన్న దగ్గరకు పోయి నిజం చెప్పలేదు. "అన్నా, బండి తుప్పు పట్టిపోతా ఉంది, ఓవరాల్ చేయించి ఇస్తాను" అన్నాను. అన్న శానాసేపు నా మొగం చూసినాడు. "జాగ్రత్త" అన్నాడు, అంతే. తానే గోనె తీసి, టైర్లలో గాలి లేకపోతే వాకిలి దాకా ఎత్తుకొచ్చి ఇచ్చినాడు.

మా వీధి కొసన సైకిలు షాపు పెట్టుకొన్న భాయికి డెబ్భై దాటింది. మనందరం గంటకు ఇంత అని బాడిగ సైకిలు తీసుకొని నేర్చుకొన్నది ఆయన నాయన దగ్గరే. ఇప్పుడు పనంతా పంక్చర్లే. మా బండి చూసి కండ్లద్దాలు తీసి తుడుచుకొన్నాడు. ఫ్రేమును వేలితో కొట్టి శబ్దం విన్నాడు. "ఈ ఇనుము ఇప్పుడు రాదు సార్" అన్నాడు. మడ్గార్డు, చైన్ కవరు, క్యారియరు, స్టాండు, రాడ్ బ్రేకులు విప్పి షాపు ముందర వరసగా పెట్టినాము. ఫ్రేమును తలకిందులు చేసి పెట్టినాము. సరిగ్గా అప్పుడే అన్న వచ్చినాడు.

ఆయన ఏమీ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. విప్పిన ముక్కలు ఒక్కొక్కటీ చూసినాడు. క్యారియరును చేత్తో ఎత్తి చూసినాడు. తర్వాత "ఓవరాల్ అన్నావు" అన్నాడు. నేను వీడియో సంగతి, అమెరికా సంగతి చెప్పబోయినాను. నా నోట్లో నుంచి అవి నాకే పిచ్చి మాటలుగా వినబడినాయి. మనవడు భయపడి భాయి వెనక్కి పోయి నిలబడినాడు.

అన్న కడకు అన్నది ఇది: "ఏమన్నా చేసుకో. కొయ్యొద్దు. వెల్డింగు పెట్టొద్దు. రంపం తగిలిందంటే నాకు తమ్ముడు లేడు." విప్పిన ముక్కలన్నీ ఒక గోనెలో వేసుకొని భుజాన పెట్టుకొని పోయినాడు. 73 ఏండ్ల మనిషి. నేను పట్టుకొంటానంటే ఇవ్వలేదు. ఆ దినం నుంచి పొంగలి దాకా, ఎనిమిది నెలలు, మా అన్న నాతో మాట్లాడలేదు. ఎదురెదురు వీధులు మావి. వదినె వచ్చేది, కూర తెచ్చేది, ఆయన రాలేదు.

ఒకందుకు ఆ షరతే మాకు దారి చూపింది. కోయకుండా, అతకకుండా చేయాలంటే బండిలో ఏముందో కొలవాలి కదా. సెలవుల్లోనూ, శని ఆదివారాల్లోనూ మనవడు బస్సు పట్టుకొని వచ్చేవాడు. ఇద్దరమూ కూర్చొని కొలతలు రాసుకొన్నాము. మన రోడ్డు సైకిలు చక్రానికి ముందు 32, వెనక 40 ఊచలు. ఇది ఇంగ్లాండు వాండ్ల లెక్క, ఇప్పటికీ పోలేదు. ఎంటీబీ రిమ్ముకు రెండు పక్కలా 36. కొడుకు కోయంబత్తూరులో తెప్పించి ఇచ్చిన కోస్టర్ హబ్బుకూ 36 రంధ్రాలే. అందుకని 26 అంగుళాల రిమ్ములు వేసుకొని, కొత్తగా ఊచలు అల్లినాము. అల్లింది భాయి. బెండు తీసింది మనవడు, మూడు దినాలు పట్టింది. వాని చదువులో కూడ అంత ఓపిక నేను చూడలేదు.

చిన్న చక్రం వేస్తే లావు టైరు పడుతుందా అని నాకు అనుమానం. పడింది! వెనక ఫోర్కు కడ్డీలు పెడలు వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. చక్రం చిన్నదైతే దాని అంచు ఆ ఇరుకు దాకా పోదు, వెడల్పుగా ఉన్న చోటనే ఆగుతుంది. రెండు అంగుళాల టైరుకు రెండు పక్కలా బలపం దూరేంత సందు మిగిలింది. రంపం అక్కరలేదు. నేను ఆ రాత్రి అన్న ఇంటి ముందర రెండుసార్లు నడిచినాను, చెప్దామని. దీపం ఆరిపోయింది.

నష్టాలూ ఉన్నాయి. చక్రం చిన్నదయినందుకు బండి రెండు సెంటీమీటర్లకు పైన కిందికి దిగింది, వంపులో పెడలు రాళ్లకు తగులుతుంది. రాడ్ బ్రేకు కట్టలు పాత రిమ్ము కొలతకు చేసినవి, కొత్త రిమ్ముకు అందవు. కాబట్టి ముందు బ్రేకు లేదు. ఉన్నది వెనక హబ్బు ఒక్కటే. ఆ హబ్బుకూ పెడలుకూ నడుమ ఉండేది చైను ఒక్కటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి కూడ గుర్తుపెట్టుకోండి. మన పాత సైకిళ్లకు వెనక ఇరుసు దగ్గర రెండు చిన్న ఇనుప ముక్కలుంటాయి, చైన్ అడ్జస్టర్లు. ఇరుసు ముందుకు జారకుండా, చైను సడలకుండా పట్టుకొంటాయి. మా బండివి కొత్త హబ్బు ఇరుసుకు దూరలేదు, ఇరుసు కొంచెం లావు. రంధ్రం పెద్దది చేస్తే దూరుతుంది. కాని అది కోయడం కిందికి వస్తుందా రాదా? నేను భయపడి వాటిని అట్లనే ఒక డబ్బాలో వేసి, మనవడి చేతికిచ్చి అన్న ఇంటికి పంపించేసినాను. నట్టు బిగించితే చాలులే అనుకొన్నాను. భాయి వద్దన్నాడు. ఆయన మాట వినలేదు.

పందెం మేమే పెట్టుకొన్నాము. మేఘమలై రోడ్డు మన ఊరి నుంచే పోతుంది, 18 హెయిర్‌పిన్ వంపులు, అక్కడ దిగితే ఎంత బాగుంటుందో అని పిల్లకాయలు అన్నారు. నేను ఖచ్చితంగా వద్దన్నాను. తెన్‌పళనిలో అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది, 2021 నుంచి అది పులుల అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు. మన ఆటలకు అది కాదు. సంఘం సభ్యులొకరు కొండ కింద తన మెట్ట చేను ఇచ్చినారు. ఎగువ మోట బావి నుంచి మొదలు, చేను నడుమ బండి బాట, ఒక ఎండిపోయిన వాగు, తర్వాత గట్టు దిగి కాలవ దాకా. కిలోమీటరుకు కొంచెం తక్కువ.

షరతు ఒకటే: ఇనుప ఫ్రేము, గేరు ఉండకూడదు. తొమ్మిది బండ్లు వచ్చినాయి. ఎద్దుబండి పందెంలో తేన్‌చిట్టు, పూన్‌చిట్టు, పెద్దమాడు అని తరగతులు పెడతారు కదా, పిల్లకాయలు మాకూ అట్లనే పెట్టినారు. ఇరవై లోపలవాండ్లు పూన్‌చిట్టు. యాభై దాటినవాండ్లు పెద్దమాడు. పెద్దమాడులో ఉన్నది ఇద్దరే, నేనూ, ఆ చేను ఆసామీ. ఆయన వాగు చూసి నేను టైము రాసుకొంటాను అని కూర్చొన్నాడు. అంటే పందెం మొదలు కాకముందే నేను గెలిచినట్టు! అక్కడితో ఆగి ఉండాల్సింది.

కాణుం పొంగలి దినం, జనవరి 16, పొద్దున ఏడున్నర. రెండు నిమిషాలకొకణ్ణి వదిలినారు. మనవడు ఆ బండి మీదనే మొదట దిగినాడు, ఒక బండికి ఇద్దరం కదా మేము. 2 నిమిషాల 48 సెకన్లు. కింద హబ్బు మీద చెయ్యి పెట్టి "తాతా, కాలుతుంది" అన్నాడు. తెలుగులో అన్నాడు. నేను అంత సంతోషంలో నట్లు మళ్లీ బిగించి చూడడం మరచిపోయినాను.

బండి తోసుకొని పైకి పోయినాము. నా వంతు వచ్చింది. మొదటి వంద గజాలు ఎట్లుండిందంటే చెప్పలేను. పండ్లు టకటక కొట్టుకొన్నాయి. లావు టైరు రాళ్లను మింగుతా పోయింది. నాయన ఈ బండి మీద బరువు లేకుండా ఒక్కసారైనా దిగినాడా అనుకొన్నాను. వాగు దిగేటప్పుడు పెడలు వెనక్కి తొక్కినాను, పట్టింది. వాగు ఎక్కినాను. గట్టు మలుపులో మళ్లీ తొక్కినాను. ఈసారి కాలు ఊరికే వెనక్కి తిరిగిపోయింది. ఇరుసు ముందుకు జారి, చైను సడలి ఊడిపోయింది. బ్రేకు లేదు. కాలు ఎత్తి ముందు టైరు మీద చెప్పు పెడదామని చూసినాను, నిజంగా, నాయన మాదిరి. షూ వేసుకొని ఉన్నాను, నా ముడుకు అంత పైకి లేవలేదు. గట్టు కింద వరి మడిలోకి పోయినాను. ఎడమ చెయ్యి ముందు ఆనింది.

బురదలో కూర్చొని చూస్తే గట్టు మీద నుంచి ఒక మనిషి పంచె ఎగగట్టుకొని దిగుతున్నాడు. అన్న. ఎప్పుడు వచ్చినాడో ఎవరికీ తెలియదు, వాగు పక్కన తుమ్మచెట్టు కింద నిలబడి చూసినాడంట. నేరుగా నా దగ్గరకు వస్తాడనుకొన్నాను. ముందు సైకిలు దగ్గరకు పోయినాడు. పైకి ఎత్తి, ఫ్రేము మీద బురద అరచేత్తో తుడిచి, వెల్లింగుల దగ్గర వేలు పెట్టి చూసినాడు. ఎక్కడా రంపం గుర్తు లేదు. అప్పుడు నా వైపు తిరిగి "లేస్తావా, ఎత్తాల్నా?" అన్నాడు.

ఆసుపత్రిలో మణికట్టు దగ్గర ఎముక విరిగిందని కట్టు కట్టినారు. ఆరు వారాలు. అన్న మొదటి వారంలో రెండుసార్లు వచ్చినాడు, టీవీ చూసి పోయినాడు. సైకిలు సంగతి ఎత్తలేదు. నేనే ఒక దినం, "అన్నా, నేను నీకు అబద్ధం చెప్పి ఎత్తుకొచ్చినాను" అన్నాను. "తెలుసు. ఓవరాలుకు మనవణ్ణి ఎవడు పిలుచుకొస్తాడు?" అన్నాడు. మళ్లీ టీవీ వైపు తిరిగినాడు.

కట్టు విప్పిన మరుసటి దినం ఆయన ఒక డబ్బా తీసుకొచ్చి బల్ల మీద పెట్టినాడు. నేను పంపించిన డబ్బానే. లోపల ఆ రెండు చైన్ అడ్జస్టర్లు. రంధ్రాలు ఆకురాయితో రాసి పెద్దవి చేసి ఉన్నాయి. అంచులు కొత్త ఇనుము మాదిరి మెరుస్తున్నాయి. కొలత ఎట్ల తెలిసిందని అడిగితే, మాతో చెప్పకుండా భాయి షాపుకు పోయి, ఇరుసు కొలుచుకొని వచ్చినాడంట.

"నాయన వీటిని ఊరికే పెట్టుకొన్నాడా?" అన్నాడు. తర్వాత, ముందు చక్రానికి కూడ ఒక బ్రేకు పెట్టే వరకు నేను ఎక్కకూడదని, పిల్లవాడు తొక్కితే తొక్కనీ అని చెప్పి లేచినాడు. వాకిట్లో సైకిలు స్టాండు లేకుండా గోడకు ఆనించి ఉంది. దాని పక్కన రెండు నిమిషాలు నిలబడినాడు. సీటు కొంచెం వంకరగా ఉందని రెండు చేతులా పట్టి తిప్పి, సరి చేసి పోయినాడు.